ఫుల్‌టెక్స్ట్ లింకుల నాణ్యత: మీ లైబ్రరీల్లో ఎలా కొలుస్తున్నారు?

గోదావరి_లైబ్రరీ
అందరికీ నమస్కారం. మాది రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ లైబ్రరీ. డేటాబేస్‌లో వ్యాసం వివరాలు కనిపిస్తాయి, పక్కనే ఫుల్‌టెక్స్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే ఒకోసారి నేరుగా పీడీఎఫ్ వస్తుంది, ఒకోసారి జర్నల్ హోమ్ పేజీకి పోతుంది, ఒకోసారి డబ్బు కట్టమంటుంది. వచ్చే నెల లైబ్రరీ కమిటీ మీటింగ్ ఉంది. లింకులు ఎంత శాతం పనిచేస్తున్నాయో చెప్పమని వీసీ గారు అడిగారు. ఎన్ని లింకులు పరీక్షించాలి? వాటిని ఎలా ఎంచుకోవాలి? ఏది ఫెయిల్ కింద రాయాలి? తప్పు డేటాబేస్‌దా, మన నాలెడ్జ్ బేస్‌దా (ఏ జర్నల్ మన దగ్గర ఏ తేదీల దాకా ఉందో రాసుకున్న జాబితా), పబ్లిషర్‌దా అని ఎలా తేల్చాలి? కమిటీకి ఇచ్చే రిపోర్టు ఫార్మాట్ ఉంటే దయచేసి పంచండి.

కెమిస్ట్రీ_స్కాలర్
సార్, శాతాల సంగతి తర్వాత. రాత్రి పదకొండింటికి హాస్టల్ నుంచి మొబైల్ డేటా మీద ఒక్కసారి ప్రయత్నించి చూడండి. క్యాంపస్‌లో ఐపీ (నెట్‌వర్క్ నంబరు) మీద తెరుచుకునే వ్యాసమే బయట లాగిన్ అడుగుతుంది. లాగిన్ అయ్యాక వ్యాసం దగ్గరికి తీసుకెళ్లదు, పోర్టల్ మొదటి పేజీలో వదిలేస్తుంది. మళ్లీ టైటిల్ టైప్ చేసి మొదటి నుంచి వెతుక్కోవాలి. లైబ్రరీ వాళ్లు లైబ్రరీలో కూర్చునే పరీక్షిస్తారు కాబట్టి వాళ్లకి అన్నీ బాగానే కనిపిస్తాయి.

కోహా_రాజు
దీనికి ఇంత టెన్షన్ అక్కర్లేదు. రిజాల్వర్ (బటన్ నొక్కగానే వ్యాసం మన దగ్గర ఎక్కడుందో చూసి అక్కడికి పంపే సాఫ్ట్‌వేర్) లాగ్ నుంచి లింకులన్నీ తీసి స్క్రిప్ట్‌కి ఇవ్వండి. రాత్రి పూట నడుస్తుంది. సైట్ నుంచి 200 కోడ్ (పేజీ వచ్చింది) వస్తే పాస్, 404 (పేజీ లేదు) వస్తే ఫెయిల్. పొద్దున్నకి శాతం చేతిలో ఉంటుంది. నేను చాలాకాలంగా ఇదే చేస్తున్నాను, మా ప్రిన్సిపాల్ గారు కూడా సంతోషంగా ఉన్నారు. స్క్రిప్ట్ కావాల్సినవాళ్లు మెసేజ్ చేయండి.

డల్లాస్_కాటలాగర్
రాజు గారూ, 200 అంటే పేజీ తెరుచుకుంది అని మాత్రమే. "మీరు కోరిన వ్యాసం దొరకలేదు" అని రాసి ఉన్న పేజీ కూడా 200తోనే వస్తుంది. డబ్బు కట్టమనే పేజీ కూడా అంతే. ఇంకోవైపు, స్క్రిప్టుల్ని అడ్డుకునే పబ్లిషర్ సైట్లు మనిషికి తెరిచే పేజీకే 403 (అనుమతి లేదు) ఇస్తాయి. అంటే మీ లెక్కలో పాస్ అయినవాటిలో ఫెయిళ్లు ఉంటాయి, ఫెయిళ్లలో పాస్‌లు ఉంటాయి. ఆ శాతాన్ని కమిటీ ముందు పెట్టకూడదు.

నేను ఓపెన్‌యూఆర్‌ఎల్ (వ్యాసం వివరాల్ని లింకులోనే పెట్టి రిజాల్వర్‌కి పంపే పద్ధతి) 0.1 రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నాను. బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీలో హెర్బర్ట్ వాన్ డి సోంపెల్ బృందం ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే రిజాల్వర్ తయారు చేసింది, 2000లో ఎక్స్ లిబ్రిస్ కంపెనీ దాన్ని తీసుకుంది. ఆ తర్వాత ఓపెన్‌యూఆర్‌ఎల్‌కి జెడ్39.88-2004 ప్రమాణం వచ్చింది. సోర్స్ (లింకు బయల్దేరే డేటాబేస్), రిజాల్వర్, టార్గెట్ (లింకు చేరే సైట్) అని మూడు చోట్ల తప్పు జరగొచ్చన్నది అప్పటి నుంచీ తెలిసిన విషయమే. 2006లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీల వాళ్లు ఎస్‌ఎఫ్‌ఎక్స్ మీద చేసిన అధ్యయనంలో ఫుల్‌టెక్స్ట్ ఫలితాల్లో సుమారు 20 శాతం తప్పని తేలింది. వాళ్లు వ్యాసం నిజంగా దొరికిందో లేదో చూశారు, స్టేటస్ కోడ్ చూసి వదిలేయలేదు.

కోహా_రాజు
అమెరికాలో ఈ-రిసోర్సెస్‌కే ప్రత్యేకంగా స్టాఫ్ ఉంటారు కాబట్టి అలా అంటున్నారు. ఇక్కడ ఒక్కడే కౌంటర్ దగ్గర కూర్చోవాలి, కాటలాగ్ చేయాలి, న్యాక్ గుర్తింపు ఫైలు రాయాలి. ఖాళీ అయిన పోస్టు మళ్లీ నింపట్లేదు. చేత్తో నొక్కి చూడమంటే ఎవరు నొక్కాలి? అసలేమీ కొలవకపోవడం కంటే స్క్రిప్ట్ నయం కదా.

డల్లాస్_కాటలాగర్
నయం కాదు. తప్పుడు అంకె చూస్తే అంతా బాగుందనుకుని కమిటీ ఫైలు మూసేస్తుంది. అంకె లేకపోతే కనీసం అడుగుతూ ఉంటారు.

కోహా_రాజు
మీరు వచ్చి ఒక్క సెమిస్టర్ మా కౌంటర్‌లో కూర్చుని అప్పుడు మాట్లాడండి.

వరంగల్_శారద
ఇద్దరూ కొంచెం ఆగండి. రాజన్నా, ఇంకో సంగతి. క్యాంపస్ ఐపీ నుంచి స్క్రిప్ట్‌తో వందల కొద్దీ లింకులు కొట్టిస్తే ఆటోమేటిక్ డౌన్‌లోడ్ అనుకుని పబ్లిషర్ మొత్తం క్యాంపస్‌ని బ్లాక్ చేస్తాడు. లైసెన్సు షరతుల్లోనే అది ఉంటుంది. ఒకసారి బ్లాక్ అయితే తీయించుకోవడానికి మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టాలి, అందాకా స్కాలర్లందరికీ ఆ పబ్లిషర్ బంద్.

గోదావరి గారూ, శాంపిల్ గురించి అడిగారు కదా. జర్నళ్ల ఏ-టు-జెడ్ లిస్టు నుంచి తీయకండి. అందులో ఎవరూ ముట్టని జర్నల్‌కీ, రోజూ చదివే జర్నల్‌కీ ఒకే విలువ పడుతుంది. రిజాల్వర్ లాగ్‌లోంచి జనం నిజంగా నొక్కిన రిక్వెస్టుల్ని యాదృచ్ఛికంగా తీయండి. వంద చూస్తే మీ శాతం అటూ ఇటూ పదివరకు తేడాతో ఉంటుంది. 385 చూస్తే ఆ తేడా ఐదుకు తగ్గుతుంది. ఇది 95 శాతం నమ్మకంతో వేసే మామూలు శాంపిల్ లెక్కే. వందతో మొదలుపెట్టి ప్రతి సెమిస్టర్‌కీ అదే పద్ధతిలో చేస్తే పోల్చుకోవడానికి పనికొస్తుంది. పుస్తక అధ్యాయాలు, కాన్ఫరెన్స్ పేపర్లు విడిగా లెక్కపెట్టండి, ఎక్కువ బాధ అక్కడే ఉంటుంది.

గోదావరి_లైబ్రరీ
ధన్యవాదాలు శారద మేడమ్. మరి జర్నల్ హోమ్ పేజీకి వెళ్లినదాన్ని ఎక్కడ వేయాలి? మా దగ్గర అవే ఎక్కువ.

వరంగల్_శారద
నేనైతే సగం మార్కు ఇస్తా. వాల్యూమ్, ఇష్యూ చూసుకుని వ్యాసం తీసుకోవచ్చు కదా.

కెమిస్ట్రీ_స్కాలర్
మేడమ్, సగం ఎలా ఇస్తారు? రివ్యూ పేపర్ రాసేటప్పుడు ఒక్క రోజులో పదుల కొద్దీ రిఫరెన్సులు తెరవాలి. ప్రతిదానికీ ఆర్కైవ్‌లోకి వెళ్లి, సంవత్సరం ఎంచుకుని, ఇష్యూ ఎంచుకుని, పేజీ నంబరు వెతకాలంటే అది లింకు ఎలా అవుతుంది? నా లెక్కలో సున్నా.

పాత_పత్రికలు
జర్నల్ దాకా చేర్చడం కూడా చిన్న విషయమేం కాదమ్మా. తెలుగు ఎం.ఏ. పిల్లలకి ఆ మాత్రం లింకు దొరికినా పండగే.

డల్లాస్_కాటలాగర్
సగం మార్కు వద్దు, సున్నా కూడా వద్దు. రెండూ ఒకే అంకెలో కలిపేయకండి. నాలుగు గడులు పెట్టండి: వ్యాసానికే చేరింది, జర్నల్‌కి లేదా ఇష్యూకి చేరింది, రిజాల్వర్ ఉందన్నాడు కానీ లేదు, లేదన్నాడు కానీ ఉంది. ఈ నాలుగోది అన్నిటికంటే ప్రమాదం. దాని గురించి ఫిర్యాదు ఒక్కటి కూడా రాదు. "మీ లైబ్రరీలో లేదు" అని కనిపించగానే స్కాలర్ వెళ్లిపోతాడు, లేదంటే డెల్‌నెట్‌లో (లైబ్రరీలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్) రిక్వెస్టు పెడతాడు. మనం డబ్బు కట్టి తెచ్చుకున్న వ్యాసం కోసం మళ్లీ వేరే లైబ్రరీని అడుగుతున్నాం అన్నమాట. డాక్యుమెంట్ డెలివరీకి వచ్చిన పాత రిక్వెస్టులు తీసి, వాటిలో మన దగ్గరే ఉన్నవి ఎన్నో చూడండి. నాలుగో గడి దానంతటదే నిండుతుంది.

కోహా_రాజు
ఇది మాత్రం పనికొచ్చే మాట. ఒప్పుకుంటున్నా.

గుంటూరు_కాలేజీ
మీరంతా సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లు కాబట్టి శాతాల గురించి మాట్లాడుతున్నారు. మాది ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీ. సంస్థలకి జర్నళ్లు ప్రభుత్వమే కొనిచ్చే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి 2024 నవంబర్‌లో కేబినెట్ ఆమోదం వచ్చింది, మూడేళ్లకి 6,000 కోట్లు, 30 పబ్లిషర్లు, సుమారు 13,000 జర్నళ్లు. 2025 జనవరి నుంచి మొదలైంది. మొదటి విడతలో ప్రభుత్వ సంస్థలకే. మా పిల్లలూ ఈ దేశంలోనే చదువుతున్నారు, మా మేనేజ్‌మెంట్‌ని అడిగితే "ప్రభుత్వం ఇస్తుందట కదా, ఆగండి" అంటారు. మాకు లింకు పనిచేసినా డబ్బు కట్టమనే పేజీకే పోతుంది.

కెమిస్ట్రీ_స్కాలర్
మరి అందుకే కదా అందరూ అనుమతి లేకుండా వ్యాసాలు ఉచితంగా ఇచ్చే సై-హబ్‌కి వెళ్లేది. అక్కడ డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఉండే గుర్తింపు నంబరు) వేస్తే చాలు...

అడ్మిన్
ఆ సైట్ అడ్రసులు ఇక్కడ పెట్టకండి. పబ్లిషర్లు 2020లో ఢిల్లీ హైకోర్టులో కేసు వేసిన సంగతి అందరికీ తెలుసు. పెట్టిన అడ్రసు తీసేశాను. చర్చ లింకుల నాణ్యత మీద ఉండనివ్వండి.

వరంగల్_శారద
గుంటూరు సార్ బాధ నిజం. కానీ సార్, మీ పిల్లలు వెతికే వ్యాసాల్లో ఓపెన్ యాక్సెస్‌లో ఉచితంగా దొరికేవి కూడా ఉంటాయి. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ పెట్టించండి. డీఓఐ ఉన్న వ్యాసానికి చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. రిజాల్వర్‌లో కూడా ఆ డేటాని ఒక టార్గెట్‌గా కలుపుకోవచ్చు.

ఇక వన్ నేషన్ పథకం మా దగ్గర ఏం చేసిందంటే, నాలెడ్జ్ బేస్ మొత్తం తారుమారైంది. లైబ్రరీలు కలిసి తీసుకున్న పాత కన్సార్షియం ప్యాకేజీలు టిక్ పెట్టి అలాగే ఉన్నాయి, కొత్తవి పెట్టలేదు. రెండూ సరిచూసేదాకా ఉన్నది లేదని, లేనిది ఉందని చూపించింది. మీరంతా ముందు ఇది చూసుకోండి.

డల్లాస్_కాటలాగర్
దానికే కేబార్ట్ ఫైలు ఉంది. 2010లో యూకేఎస్‌జీ, నైసో సంస్థలు కలిసి ఇచ్చిన సిఫారసు, 2014లో రెండో విడత. ఏ జర్నల్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో, ఎంబార్గో (కొత్త సంచికలు ఇవ్వకుండా ఆపి ఉంచే గడువు) ఎంతో ట్యాబ్‌లతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటుంది. పబ్లిషర్ ఫైలు తీసుకుని మన నాలెడ్జ్ బేస్‌తో పోల్చండి.

కోహా_రాజు
ఎక్సెల్‌లో నేరుగా తెరవకండి! మా దగ్గర కాటలాగ్ నుంచి తీసిన ఐఎస్ఎస్ఎన్‌లకి (జర్నల్ గుర్తింపు నంబర్లకి) మధ్యలో గీత లేదు. ఎక్సెల్ వాటిని అంకెలనుకుని ముందున్న సున్నాలు తినేసింది. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీది 0012-9976. గీత లేకుండా తెరిస్తే 129976 అయిపోతుంది. ఇక అది దేనితోనూ కలవదు. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా ఇంపోర్ట్ చేసుకోండి.

ఐఎస్ఎస్ఎన్ సరైందో కాదో చెక్ డిజిట్‌తో చూడొచ్చు. మొదటి ఏడు అంకెల్ని వరసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. వీక్లీకి 6+10+36+27+14, మొత్తం 93. దాన్ని 11తో భాగిస్తే 5 మిగులుతుంది. 11లోంచి 5 తీస్తే 6. చివరి అంకె 6, సరిపోయింది. నా స్క్రిప్ట్ ఇది కూడా చేస్తుంది, పబ్లిషర్ సైట్‌ని ముట్టుకోకుండానే.

డల్లాస్_కాటలాగర్
రాజు గారూ, స్క్రిప్ట్ వాడాల్సింది సరిగ్గా ఇక్కడే. చాలా మంచి పని. ఇదే మాటని ముందు చెప్పి ఉంటే మనకి గొడవే ఉండేది కాదు.

అదే పత్రికతో ఇంకో సంగతి. దాని పేరులో "అండ్" బదులు ఆంపర్‌సాండ్ గుర్తు వాడే డేటాబేస్‌లు ఉన్నాయి. ఓపెన్‌యూఆర్‌ఎల్‌లో ఆ గుర్తు ఒక ఫీల్డ్‌ని ఇంకో ఫీల్డ్ నుంచి విడగొట్టడానికి వాడతారు. దాన్ని ఎన్‌కోడ్ చేయకుండా పంపితే రిజాల్వర్‌కి "ఎకనామిక్" అన్న ఒక్క ముక్కే అందుతుంది. ఐఎస్ఎస్ఎన్ కూడా లేకపోతే ఇక అంతే. అందుకే తప్పు ఎవరిదో తేల్చాలంటే బటన్ నొక్కగానే రిజాల్వర్ పేజీ అడ్రసు బార్‌లో ఉన్న పొడవాటి లింకుని కాపీ చేసి చదవండి. ఐఎస్ఎస్ఎన్, వాల్యూమ్, ఇష్యూ, మొదటి పేజీ, తేదీ ఉన్నాయా? లేకపోతే తప్పు సోర్స్‌ది. అన్నీ ఉండి కూడా రిజాల్వర్ లేదంటే తప్పు నాలెడ్జ్ బేస్‌ది. రిజాల్వర్ ఉందని పంపాక తప్పు చోటికి పోతే టార్గెట్‌ని చూడాలి.

ఫిజిక్స్_మాస్టారు
మాకు ఇంకో గొడవ ఉంది. ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ఇప్పుడు పేజీ నంబరు ఉండదు, ఆరంకెల ఆర్టికల్ నంబరు ఉంటుంది. మొదటి పేజీ అడిగే రిజాల్వర్ అక్కడ ఆగిపోతుంది. జర్నల్ ఆఫ్ ఫిజిక్స్-ఏ 2007లో ఉపశీర్షిక మార్చుకుంది, ఐఎస్ఎస్ఎన్ కూడా 0305-4470 నుంచి 1751-8113కి మారింది. 2005 వ్యాసానికి కొత్త నంబరుతో వెతికితే లేదంటుంది. అన్నీ వదిలేసి డీఓఐ వాడితే పోదా?

డల్లాస్_కాటలాగర్
డీఓఐ పబ్లిషర్ దగ్గరికే తీసుకెళ్తుంది మాస్టారూ. మీ లైబ్రరీ ఆ వ్యాసాన్ని వేరే అగ్రిగేటర్ (చాలామంది పబ్లిషర్ల జర్నళ్లు కలిపి అమ్మేవాళ్లు) ద్వారా కొని ఉంటే డీఓఐ నొక్కినా మీకు డబ్బు కట్టమనే పేజీయే వస్తుంది. డీఓఐని రిజాల్వర్‌కి ఇచ్చి, మన ప్రతి ఎక్కడుందో దాన్ని తేల్చనివ్వాలి. నైసో వాళ్ల అయోటా ప్రాజెక్టు 2010 నుంచి 2013 దాకా సోర్స్‌లు పంపే లింకుల్లో ఏయే వివరాలు ఉన్నాయో కొలిచింది. కార్నెల్ యూనివర్సిటీలో మొదలైన పని అది. మంచి పనే, కానీ బయల్దేరిన లింకుని కొలిచింది, చేరిందో లేదో కాదు. మీరు రెండూ కొలవాలి.

పాత_పత్రికలు
డీఓఐ, ఐఎస్ఎస్ఎన్ అంటున్నారు. నా దగ్గరికి వచ్చే పిల్లలు "భారతి, రక్తాక్షి, చైత్రం" అని చీటీ తెస్తారు, అంటే పత్రిక పేరు, తెలుగు సంవత్సరం, మాసం. పాత పరిశోధన గ్రంథాల ఫుట్‌నోట్లలో అలాగే ఉంటుంది. రక్తాక్షి 1924 ఉగాదితో మొదలై 1925లో ముగుస్తుంది. చైత్రమైతే 1924, మాఘమైతే 1925. తేదీ గడిలో ఏ సంవత్సరం వేయాలో ఏ రిజాల్వర్‌కీ తెలియదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. ఒకే పుస్తకానికి మూడు స్పెల్లింగులు, రచయిత గడిలో ఇంకేదో. ఫుల్‌టెక్స్ట్ ఉంది, లింకు లేదు. దీన్ని మీ నాలుగు గడుల్లో ఎక్కడ వేస్తారు?

వరంగల్_శారద
నాలుగో గడిలోనే సార్. లేదన్నాడు, కానీ ఉంది.

పాత_పత్రికలు
అయితే నా శాంపిల్ మొత్తం ఆ ఒక్క గడిలోనే పడుతుందమ్మా. ఎవరైనా ముందుకొస్తే సంవత్సరం పేరు, మాసం ఇస్తే ఇంగ్లీషు సంవత్సరం, నెల చెప్పే పట్టిక ఒకటి తయారు చేద్దాం. పేర్లు అరవైయే కదా. భారతి నడిచింది 1924 నుంచి 1991 దాకా కాబట్టి మొదటి కొన్ని పేర్లు రెండుసార్లు వస్తాయి. నా దగ్గరున్న సంచికల ముఖపత్రాలు స్కాన్ చేసి ఇస్తాను.

కోహా_రాజు
పట్టికకి నేను కోడ్ రాస్తాను సార్. ముఖపత్రాలు పంపండి. అధిక మాసం వచ్చిన సంవత్సరాలు మాత్రం మీరు గుర్తు పెట్టి ఇవ్వాలి.

గుంటూరు_కాలేజీ
అన్‌పేవాల్ ల్యాబ్ కంప్యూటర్లలో పెట్టాం. పనిచేస్తోంది. శారద మేడమ్, రిజాల్వర్ లేని కాలేజీ కూడా గూగుల్ స్కాలర్‌లో లైబ్రరీ లింకులు పెట్టుకోవచ్చా?