మెటబాలిజం పరీక్షలో పాత్‌వే చార్టు చేతికిస్తే కొంపలు మునుగుతాయా?

మూడో బెంచి:
సూటిగానే అడుగుతున్నా. డిగ్రీ బయోకెమిస్ట్రీలో మెటబాలిజం (కణంలో జరిగే రసాయన చర్యలు) పేపరు రాసేటప్పుడు, ఆ చర్యల దారులన్నీ బాణాలతో గీసి ల్యాబ్ గోడ మీద వేలాడదీసే ఆ పెద్ద చార్టు మాకూ తలా ఒకటి ఇస్తే తప్పేంటి?

నా సంగతి చెప్తా. గ్లూకోజ్‌ని పైరువేట్‌గా విరగ్గొట్టే గ్లైకాలిసిస్ పది మెట్లు, ఆ తర్వాత వచ్చే అసిటైల్ కోఏని కాల్చే క్రెబ్స్ సైకిల్ ఎనిమిది, యూరియా సైకిల్, డీఎన్ఏలో ఉండే ప్యూరిన్ల తయారీ, అన్నీ ఎంజైముల పేర్లతో సహా నిద్రలో లేపి అడిగినా చెప్పేలా బట్టీ కొట్టాను. ప్యూరిన్ రింగులో ఏ అణువు ఎక్కడి నుంచి వస్తుందో కూడా, నాలుగు, అయిదు కార్బన్లు, ఏడో నైట్రోజన్ గ్లైసీన్‌వి అంటూ పాటలాగా పాడుకుంటూ తిరిగాను. పేపరు బాగానే రాశా. వైవాలో ఒకటే ప్రశ్న: "మనిషి ఒంట్లో మామూలు కొవ్వు ఆమ్లం నుంచి గ్లూకోజ్ ఎందుకు తయారు కాదు?" నోరు పెగల్లేదు. కొవ్వు ఆమ్లాలు విరిగే దారి పేరెత్తి "బీటా ఆక్సిడేషన్ అప్పజెప్పనా సార్" అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన నవ్వి వద్దులే అన్నారు.

బాధేంటంటే జవాబుకి కావలసిన ముక్కలన్నీ నా దగ్గరే ఉన్నాయి. కొవ్వు ఆమ్లం విరిగితే వచ్చేది అసిటైల్ కోఏ అనీ, పైరువేట్ అసిటైల్ కోఏగా మారే మెట్టు వెనక్కి నడవదనీ తెలుసు. సైకిల్లోకి రెండు కార్బన్లు వస్తే ఆ చుట్టులోనే రెండు కార్బన్లు కార్బన్ డయాక్సైడ్‌గా పోతాయనీ తెలుసు, అంటే గ్లూకోజ్ కట్టడానికి మిగిలేది సున్నా. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఎప్పుడూ అనిపించలేదు, ఎందుకంటే అప్పజెప్పడానికి ఆ అవసరమే రాలేదు. అందుకే అంటున్నా, చార్టు ఇచ్చేయండి, ప్రశ్నలు మార్చండి.

పాఠాలు చెప్పేవాడు:
బాబూ, నీ వైవా కథ నీ వాదనకే ఎదురు తిరుగుతోంది చూసుకో. బయటికి వచ్చాక జవాబు నీకే తట్టింది కదా? ముక్కలు బుర్రలో ఉన్నాయి కాబట్టే తట్టింది. చార్టు ఇస్తారని ముందే తెలిస్తే ఆ ముక్కలు కూడా ఉండేవి కావు. నిఘంటువు చేతికిచ్చి పద్యం రాయమన్నట్టు ఉంటుంది మీరు అడిగేది. మాటలన్నీ అందులోనే ఉంటాయి, నిజమే. పద్యం మాత్రం రాదు.

ఇంకోటి, చార్టు చూసి రాసే పరీక్ష ఎలా జరుగుతుందో నాకు తెలుసు. సగం సేపు చార్టులో వెతుక్కోవడమే సరిపోతుంది.

బట్టీ బాధితుడు:
సార్, ఏ ముక్కలు? మా అన్న చదివినప్పుడు ఒక గ్లూకోజ్‌కి 38 ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం) అని బట్టీ పట్టాడు, నేను 32 అని పట్టాను, మా ఇద్దరికీ ఫుల్ మార్కులే వచ్చాయి. 😀 ఇంతకీ మధ్యలో కణం ఏమైనా మారిందా?

పాఠాలు చెప్పేవాడు:
కణం మారలేదు, లెక్క మారింది. పాత లెక్కలో, ఎలక్ట్రాన్లు మోసుకొచ్చే అణువుల్లో ఒక ఎన్ఏడీహెచ్‌కి మూడు, ఎఫ్ఏడీహెచ్ టూకి రెండు ఏటీపీలు అనుకునేవాళ్లు. అసలు అవి పూర్ణాంకాలే కానక్కర్లేదు, ఎందుకంటే మైటోకాండ్రియా లోపలి పొర దాటే ప్రోటాన్లకీ తయారయ్యే ఏటీపీకీ మధ్య ఉన్నది ఒక నిష్పత్తి మాత్రమే. ఇప్పుడు 2.5, 1.5 అని వేస్తున్నాం. అందులోనూ సైటోసాల్‌లో, అంటే మైటోకాండ్రియా బయటి కణ ద్రవంలో, పుట్టిన ఎన్ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు ఏ షటిల్ ఎక్కి మైటోకాండ్రియాలోకి వెళ్తాయన్నదాన్ని బట్టి 30 రావచ్చు, 32 రావచ్చు. ఈ కారణం రాసినవాడికి ఫుల్ మార్కులు ఇస్తాను. ఊరికే 32 అని రాస్తే ఒకటిస్తాను.

బట్టీ బాధితుడు:
అంటే అంకె బట్టీ పట్టినా లాభం లేదని మీరే ఒప్పుకున్నట్టే కదా సార్, థాంక్స్.

ఆర్గానిక్ పిచ్చి:
మీరంతా పేర్ల గురించి కొట్టుకుంటున్నారు. అసలు రోగం అక్కడ లేదు. మెటబాలిజాన్ని రసాయన శాస్త్రంలా కాకుండా బస్సు స్టాపుల పట్టికలాగా చెప్పడం దగ్గర ఉంది.

గ్లైకాలిసిస్ రెండో మెట్టే తీసుకోండి. గ్లూకోజ్ 6 ఫాస్ఫేట్‌ని ఫ్రక్టోజ్ 6 ఫాస్ఫేట్‌గా మార్చడం ఎందుకు? ఏటీపీ రాదు, ఎలక్ట్రాన్లు రావు, ఉత్తి పనికిమాలిన మెట్టులా కనిపిస్తుంది. కానీ ముందు ముందు ఆల్డోలేజ్ అనే ఎంజైమ్ ఆ ఆరు కార్బన్ల గొలుసుని తెంచాలి, అది కార్బొనిల్ గ్రూపు (కార్బన్‌కి ఆక్సిజన్ డబుల్ బాండ్‌తో అంటుకున్న చోటు) ఎక్కడ ఉందో దాన్ని బట్టే తెంచగలదు. కార్బొనిల్ మొదటి కార్బన్ మీదే ఉండిపోతే రెండు, నాలుగు కార్బన్ల ముక్కలు వస్తాయి. రెండో కార్బన్ మీదికి జరిపితే మూడు, మూడు వస్తాయి, ఒకదాన్ని ఇంకోదానిగా మార్చుకుంటే చాలు, ఇక రెండింటికీ ఒకటే దారి. ఇది ఒక్కసారి అర్థమైనవాడు ఆ మెట్టుని జన్మలో మర్చిపోడు. మర్చిపోయినా కాగితం మీద మళ్లీ పుట్టించుకోగలడు.

ఇంకా ముద్దొచ్చేది చెప్పనా? సక్సినేట్ నుంచి హైడ్రోజన్లు తీసేస్తే ఫ్యూమరేట్, దానికి నీళ్లు కలిపితే మాలేట్, మళ్లీ హైడ్రోజన్లు తీస్తే ఆక్సాలోఅసిటేట్. బీటా ఆక్సిడేషన్‌లో మొదటి మూడు మెట్లు కూడా అచ్చం ఇవే పనులు, అదే వరసలో, హైడ్రోజన్లు అందుకునేది మొదటిసారి ఎఫ్ఏడీ, రెండోసారి ఎన్ఏడీ. ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం విరిగేటప్పుడూ మధ్యలో ఇదే వరస. కొవ్వు ఆమ్లం తయారీలో దీన్నే తిరగేసుకోండి: కార్బొనిల్‌కి ఎలక్ట్రాన్లు ఇవ్వడం, నీళ్లు తీసేయడం, డబుల్ బాండ్‌కి మళ్లీ ఎలక్ట్రాన్లు ఇవ్వడం, ఈసారి ఇచ్చేది, కట్టే పనులకి ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్. ఒక రాగం నేర్చుకుంటే నాలుగు కీర్తనలు వస్తుంటే మీరు నాలుగూ విడివిడిగా బట్టీ పట్టిస్తున్నారు. చార్టు ఇచ్చినా ఇవ్వకపోయినా నాకేం పట్టింపు లేదు.

పాఠాలు చెప్పేవాడు:
ఇది మాత్రం ఒప్పుకుంటా. కాకపోతే రెండో ఏడాదికి వచ్చేసరికి కార్బొనిల్ అంటే గట్టిగా తెలిసినవాళ్లు తరగతిలో ఎంతమంది ఉంటారో మీరే ఒకసారి వచ్చి చూడండి.

ఫెర్మెంటర్ కాపలా:
ఎవరూ ఎత్తని మాట ఒకటి. మీ అందరి గొడవా విరగ్గొట్టే దారుల గురించే. కట్టే దారులు, అంటే బయోసింథసిస్, ఎప్పుడూ సిలబస్ చివర్లో పడుంటుంది, ఆఖరి రెండు వారాల్లో పరుగు మీద అయిపోతుంది. అమైనో ఆమ్లాల తయారీ "ఇది మీరే చదువుకోండి" అని వదిలేశారు మాకు. తీరా ఉద్యోగంలో నాకు కూడు పెడుతున్నది అదే, తమ్ముళ్లూ.

కొరినీబాక్టీరియం గ్లుటామికమ్ అనే బాక్టీరియాతో లైసీన్ అనే అమైనో ఆమ్లం తయారు చేస్తారు. దాన్ని మామూలుగా పెంచితే తనకి కావలసినంత లైసీన్ చేసుకుని ఆపేస్తుంది, ఎందుకంటే లైసీన్, థ్రియోనిన్ రెండూ చేరాయంటే అస్పార్టోకైనేజ్ అనే మొదటి ఎంజైమ్‌కి బ్రేకు పడుతుంది. ఆ బ్రేకుకి లొంగని మ్యూటెంట్, అంటే జన్యువు మారిన రకం, కావాలి. సరే, బ్రేకు తీశారు. అయినా దిగుబడి ఒకచోట ఆగుతుంది. ఎందుకు? ఒక్కో లైసీన్‌కి నాలుగు ఎన్ఏడీపీహెచ్‌లు కావాలి, అవి ఎక్కడి నుంచి రావాలి? అప్పుడు వెళ్లి పెంటోస్ ఫాస్ఫేట్ దారి తలుపు తట్టాలి. చదువుకున్నప్పుడు ఆ దారి నాకు రెండు మార్కుల ప్రశ్న, అంతే.

ఇవన్నీ నాకు చార్టు ముందేసుకునే అర్థమయ్యాయి. ల్యాబులో ఎవరూ చార్టు దాచిపెట్టి అప్పజెప్పమనరు.

పాఠాలు చెప్పేవాడు:
మీరు చార్టు తెరిచేనాటికి పెంటోస్ ఫాస్ఫేట్ దారి అనేది ఒకటుందని, అది ఎన్ఏడీపీహెచ్ ఇస్తుందని మీకు తెలుసు. ఆ రెండు మార్కుల ప్రశ్న కోసం చదివినదే అది.

ఫెర్మెంటర్ కాపలా:
హహ, దొరికిపోయా. అయినా సరే, ఆ మాట గుర్తుండటానికీ ఆ దారిలోని ఎంజైములు ట్రాన్స్‌కీటొలేజ్, ట్రాన్స్‌ఆల్డొలేజ్ ఏ చక్కెరని ఏ చక్కెరగా మారుస్తాయో వరసగా అప్పజెప్పడానికీ తేడా ఉంది కదా సార్. మొదటిది ఉంచండి. రెండోది చార్టుకి వదిలేయండి.

మూడో బెంచి:
నేను అడుగుతున్నదీ అదే!! ఏది గుర్తుంచుకోవాలి, ఏది చార్టుకి వదలాలి అని ఎవరూ గీత గీసి చెప్పరు. అన్నీ ఒకే బరువుతో నెత్తిన పెడతారు.

ఆర్గానిక్ పిచ్చి:
గీత గీయడం మొదలుపెడితే నా వంతు: వెనక్కి నడవని మెట్లు తలలో ఉండాలి. గ్లైకాలిసిస్‌లో మూడే, హెక్సోకైనేజ్, పీఎఫ్‌కే (ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్), పైరువేట్ కైనేజ్ అనే ఎంజైములు నడిపేవి. మిగతా ఏడూ అటూ ఇటూ నడుస్తాయి. గ్లూకోజ్ తిరిగి కట్టేటప్పుడు కణం దారి మార్చుకునేది ఈ మూడు చోట్లే.

ఇంకోటి, క్రెబ్స్ 1937లో ఆ సైకిల్‌ని ఎలా పట్టుకున్నాడో చెప్పండి పిల్లలకి. పావురం రొమ్ము కండరంలో మాలొనేట్ వేస్తే సక్సినేట్ నుంచి ముందుకు వెళ్లే మెట్టు మూసుకుపోతుంది. ఆక్సాలోఅసిటేట్ నుంచి వెనక్కి సక్సినేట్‌కి రావాలన్నా అదే మెట్టు దాటాలి. అప్పుడు ఆక్సాలోఅసిటేట్ కలిపితే, మెట్టు మూసే ఉన్నా సక్సినేట్ పోగవుతుంది. అంటే ఆక్సాలోఅసిటేట్ నుంచి సక్సినేట్‌కి ఇంకో దారేదో ఉంది, అది సిట్రేట్ మీదుగా చుట్టి వస్తోంది. ఈ ప్రయోగం ఇచ్చి "దీన్నిబట్టి ఏం చెప్పగలరు" అని అడగండి, చార్టు ఉన్నా లేకపోయినా ఆలోచించక తప్పదు.

తెల్లకోటు:
మెడిసిన్ వైపు నుంచి ఒక ప్రశ్న వేస్తా, చార్టు కావాలన్న తమ్ముడు చార్టు చూసుకునే చెప్పొచ్చు.

పొడుగు కొవ్వు ఆమ్లాలు మైటోకాండ్రియాలోకి వెళ్లడానికి కార్నిటైన్ దారి కావాలి. ఆ దారి పుట్టుకతోనే పనిచేయని శిశువు అనుకుందాం. పాలు తాగినంతసేపు బాగానే ఉంటుంది. జ్వరమొచ్చి పాలు మానేస్తే, కొన్ని గంటల్లో రక్తంలో గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోతుంది, కీటోన్లు (ఆకలి మీద లివర్ కొవ్వు నుంచి చేసే ఇంధనం) కూడా పెరగాల్సినంత పెరగవు. కీటోన్లు ఎందుకు పెరగవో తేలికే. కానీ కొవ్వు ఆమ్లం ఎలాగూ గ్లూకోజ్ కాదని నువ్వే పైన చెప్పావు. మరి కొవ్వు కాలకపోతే గ్లూకోజ్ ఎందుకు పడిపోవాలి?

మూడో బెంచి:
అక్కా, ఇది అన్యాయం. చార్టు ముందేసుకుని గంట నుంచి చూస్తున్నా. కొవ్వు ఆమ్లం నుంచి గ్లూకోజ్‌కి బాణమే లేదు ఇందులో.

పాఠాలు చెప్పేవాడు:
ఉండదు. అందుకే చార్టు చాలదని మొత్తుకుంటున్నా.

బట్టీ బాధితుడు:
చార్టు ఇచ్చినా రాయలేని ప్రశ్న ఉందని తేలింది కదా సార్, మరి ఇవ్వడానికి భయమెందుకు? 🙂

మూడో బెంచి:
వచ్చింది అనుకుంటున్నా. తప్పైతే తిట్టకండి. బాణం కార్బన్లది కాదు, ఖర్చుది. రెండు పైరువేట్‌ల నుంచి ఒక గ్లూకోజ్ కట్టాలంటే నాలుగు ఏటీపీలు, అలాంటివే రెండు జీటీపీలు, మొత్తం ఆరు కావాలి. ఆకలి మీద ఉన్నప్పుడు లివర్ ఆ ఆరూ ఎక్కడి నుంచి తెస్తుంది? కొవ్వు కాల్చుకునే. కొవ్వు లోపలికే రాకపోతే ముడి సరుకు, అంటే లాక్టేట్, అలనిన్ ఉన్నా కట్టే శక్తి లేదు. ఎన్ఏడీహెచ్ కూడా కావాలి, అదీ కొవ్వు నుంచే.

తెల్లకోటు:
శభాష్. ఇంకో రెండు కలుపుకో. బీటా ఆక్సిడేషన్‌లో పుట్టే అసిటైల్ కోఏ గ్లూకోజ్‌గా మారదు గానీ, గ్లూకోజ్ కట్టే మొదటి ఎంజైమ్ పైరువేట్ కార్బాక్సిలేజ్‌ని ఆన్ చేసేది అదే. అది లేకపోతే స్విచ్చే పడదు. రెండోది, కొవ్వూ లేక, కీటోన్లూ లేక, ఒంట్లో మిగతా అవయవాలన్నీ ఉన్న కాస్త గ్లూకోజ్ మీదే పడతాయి. ఒకవైపు తయారీ లేదు, ఇంకోవైపు ఖర్చు ఎక్కువ.

పాఠాలు చెప్పేవాడు:
బాగుంది బాబూ. ఆ ఆరు సంగతి నీకు ముందే తెలుసు కాబట్టి తట్టింది.

మూడో బెంచి:
లేదు సార్. ఆరు అన్నది మర్చిపోయా. చార్టులో వేలు పెట్టి లెక్కపెట్టుకున్నా.

పాఠాలు చెప్పేవాడు:
లెక్కపెట్టాలని ఎలా తోచింది మరి?

మూడో బెంచి:
కట్టడానికి ఎప్పుడూ ఖర్చవుతుంది కదా సార్, ఎంతో చూద్దామని.

పాఠాలు చెప్పేవాడు:
సరే. మొత్తం పేపరుకి ఒప్పుకోను గానీ, మా పిల్లలకి వచ్చే ఇంటర్నల్‌లో ఒక ప్రశ్న చార్టుతో పెట్టి చూస్తా. మెట్లు, నిర్మాణాలు అన్నీ ఉంటాయి. ఎంజైముల పేర్లు మాత్రం ఉండవు.

బట్టీ బాధితుడు:
పేర్లు లేకుండానా సార్? అదేం చార్టు!