అప్‌డేట్: రష్యాలో వ్లదీమిర్ నగరం వైపు చిన్న ఊళ్లు చూసొచ్చాం

అక్కడి సుజ్దాల్ అనే పాత ఊళ్లో టూరిస్టుల రద్దీ కదా, ఆ చుట్టుపక్కలే ప్రశాంతమైన ఊళ్లు చెప్పమని అడిగాను. మీరు చెప్పిన రెండూ, యూరియెవ్-పోల్‌స్కీ, గోరోఖొవెట్స్, చూసొచ్చాం, థాంక్స్ అండీ.

నా ఓటు యూరియెవ్-పోల్‌స్కీకే. అక్కడి సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌ను 1230–34లో తెల్లరాతితో కట్టారు. 15వ శతాబ్దంలో కూలిపోతే, 1471లో యెర్మోలిన్ అనే ఆయన పాత రాళ్లతోనే మళ్లీ లేపాడు. కానీ చెక్కడాల వరస కలగాపులగం! సింహాలు, సాధువుల ముఖాలు, ఆకుల తీగలు దేనికదే. ఏ ముక్క దేని పక్కదో పోల్చుకుంటూ గోడ చుట్టూ తిరుగుతూనే ఉన్నాం.

గోరోఖొవెట్స్‌లో 17వ శతాబ్దపు వర్తకుల రాతి ఇళ్లు, కింద క్ల్యాజ్మా నది. ఒక పూట చాలు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మన వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయట్లేదు. రూబుళ్లు చేతిలో ఉంచుకోండి.