గుర్రపుడెక్క తీసేసినా మళ్ళీ ఎట్ల కమ్ముకుంటా ఉండాది?

చెరువుగట్టు (శ్రీకాళహస్తి పక్క)
ఎండాకాలంలో జేసీబీ పెట్టి మా ఊరి చెరువులో గుర్రపుడెక్క తీయించినారు. వానలకు నీళ్ళు చేరినాయో లేదో, తూము కాడ మళ్ళీ పచ్చగా పరుచుకోనుండాది. విత్తనం మొలిచిందంటారా?

ఆకుపసరు (తిరుపతి)
విత్తనం కూడా ఉంటుంది. బురదలో పదిహేను, ఇరవై ఏళ్ళు చావకుండా పడుంటుంది. కానీ ఇంత తొందరగా కమ్మేది పిలకలే. ఒక మొక్కను మెల్లగా ఎత్తి చూడండి. మొదట్లోంచి అడ్డంగా ఒక కాడ, దాని కొసన పిల్ల, ఆ పిల్లకు మళ్ళీ కాడ. కాడ తెగినా పిల్లకు సొంత వేళ్ళుంటాయి, తేలుకుంటూ పోయి ఇంకోచోట కాపురం పెడుతుంది. ఎండ, మురుగు రెండూ దొరికితే రెండు వారాల్లో రెట్టింపు. ఆ లెక్కన పది మొక్కలు మిగిలినా 16 వారాలకు 2,560. జేసీబీ బకెట్టు సందుల్లోంచి జారేవి పదేనా?

పాడిగుంత (పుంగనూరు)
మాకు ఆ గుణమే కావాల. పశువుల మేతకు పెంచే అజొల్లా అనే నీటిమొక్క గుంతలో విత్తనం ఊసే లేదు, తుంచుకుంటా పోతే ముక్కముక్కా పెరుగుతుంది. రోజూ కొంత తీసి, పేడ వాసన పోయేదాకా కడిగి, దాణాలో కలుపుతాం. తీయకుంటే దట్టమై అడుగుది కుళ్ళిపోతాది.

ఆకుపసరు
కేరళలో ఆఫ్రికన్ పాయల్ అనే సాల్వీనియా, అదీ నీళ్ళ మీద తేలేదే, ఇంకా విడ్డూరం. పుట్టిల్లు బ్రెజిల్. విత్తనాల బదులు దానికుండే సిద్ధబీజాలు గొడ్డువి, మొలకెత్తవు. అన్ని దేశాల్లో పాకింది ఉత్త ముక్కలతోనే! మొక్క ముక్కలతో సహా అక్వేరియం నీళ్ళు కాలవలో పారబోసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే.

చెరువుగట్టు
పురుగుల్ని వదుల్తారంట గదా, అదన్నా పని చేస్తుందా సార్?

ఆకుపసరు
గుర్రపుడెక్కను తినే నియోచెటినా ముక్కుపురుగులు. 1980ల్లో బెంగుళూరు పక్క చెరువుల్లో వదిలారు. పని చేస్తాయి, కానీ ఏళ్ళు పడుతుంది. ఏటా ఎండే మన చెరువుల్లో మొక్కతోపాటు అవీ పోతాయి.

ఏటిగడ్డ (చిత్తూరు)
మా పక్క చేసేది చెప్తా వినన్నా. గాలికి అదంతా ఒక గట్టుకు చేరతాది. అప్పుడు ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్ళు కట్టిన మోకు అడ్డం లాగి, చేత్తోనే తీస్తాం. తీసింది కట్ట మీద పోయొద్దు, వానకు మళ్ళీ లోపలికే దిగుతుంది. దూరంగా ఎండేస్తే ఎంత కుప్పైనా ఇంతే అవుతాది, అంతా నీళ్ళేగా. ఆ తర్వాత వారం వారం ఒక మనిషి తూము చుట్టూ, జమ్ము సందుల్లో దేవాల్సిందే. జేసీబీకి డబ్బులిస్తారు గానీ ఈ మనిషి కూలికి మాత్రం పంచాయితీలో ఎవురూ నోరిప్పరు.

చెరువుగట్టు
మా కాడా అదే కత. మోకు ఎంత లావుది కట్టినారన్నా?