సేద్యానికి పన్నుల సొమ్ముతో రాయితీ ఇవ్వడం సమంజసమేనా?

ప్రశ్న: వ్యవసాయమూ ఒక వృత్తే కదా. వడ్రంగికో దర్జీకో ఇవ్వని సాయం రైతుకు మాత్రం పన్ను చెల్లింపుదారుల సొమ్ముతో ఎందుకివ్వాలి? ఒక చర్చలో ఈ విషయంపై మాట్లాడవలసి ఉన్నందున, తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: మీ పోలికలోనే చిక్కుంది. గిరాకీ లేదని తెలియగానే వడ్రంగి కుర్చీలు చెయ్యడం ఆపగలడు గాని, విత్తనం వేసిన రైతు నడుమ ఆగలేడు. ధర సంగతి అతనికి కోతల నాటికి గాని తేలదు. పైగా తిండి చవకైందని ఎవరూ రెండింతలు తినరు కాబట్టి, దిగుబడి కాస్త పెరిగినా ధర అంతకు మించి పడిపోతుంది. అందరికీ బాగా పండిన ఏడాదే అందరూ నష్టపోయేది ఇందుకే. ఈ నష్టభయంలో సమాజం పాలు పంచుకోవడం న్యాయమేనని నా అభిప్రాయం.

అయితే సాయాన్ని దేనికి ముడిపెట్టారో చూడాలి. ఐరోపా దేశాలు 1962లో మొదలైన ఉమ్మడి వ్యవసాయ విధానం కింద హామీ ధరలిచ్చి, మిగులును తామే కొని, గిడ్డంగుల్లో వెన్న గుట్టలు పేర్చుకున్నాయి; చివరికి 1984లో పాల ఉత్పత్తికి కోటాలు విధించి, 2003 సంస్కరణలతో సాయాన్ని చాలావరకు ఉత్పత్తి నుంచి విడదీశాయి. ఎరువుల రాయితీదీ ఇదే వరస. యూరియాలో నత్రజని 46 శాతం ఉంటుంది, భాస్వరం, పొటాష్ ఉండవు. అదొక్కటే చవకగా దొరికితే చేను పచ్చగా కనబడుతుందని బస్తా మీద బస్తా చల్లుతారు, మిగతా పోషకాలు మాత్రం నేలలో తరిగిపోతూనే ఉంటాయి.

విస్తీర్ణాన్ని బట్టి నగదు ఇచ్చినా సొమ్ము సాగుచేసేవాడి దగ్గరే నిలుస్తుందన్న నమ్మకం లేదు. సాయం వస్తోందని తెలిసిన భూయజమాని మరుసటి ఒప్పందంలో కౌలు పెంచుతాడు. (ఈ మెలిక నాకు చాలా ఆలస్యంగా బోధపడింది.) కౌలు పోను చేతికెంత మిగిలిందో చూడకుండా రైతుకు మేలు జరిగిందని లెక్క కట్టలేము.

అనుబంధ ప్రశ్న: అలాగైతే మొత్తం ఎత్తివేయడమే మేలు కదా? న్యూజిలాండ్ ఆ పని చేసిందంటారు.

సమాధానం: చేసింది. 1984 నుంచి కొద్ది సంవత్సరాల్లోనే దాదాపు అన్ని రాయితీలనూ తొలగించింది. భూముల ధరలు పడిపోయాయి, గొర్రెల పెంపకందారులు బాగా దెబ్బతిన్నారు, అయినా అక్కడి వ్యవసాయం కుప్పకూలలేదు. చర్చలో ఎదుటివారు ఈ ఉదాహరణను తప్పక తెస్తారు. అది పంటలు, పాలు, మాంసం ఎక్కువగా ఎగుమతి చేసి బతికే దేశమనీ, ఆ మార్పు కాలంలో ప్రభుత్వ గ్రామీణ బ్యాంకు రైతుల బాకీల్లో కొంత భాగాన్ని వదులుకుందనీ, సాగు మానుకున్నవారికి వెళ్లేటప్పుడు కొంత సొమ్ము కూడా ఇచ్చారనీ అప్పుడు గుర్తుచేయండి. రాయితీలను ఎత్తివేయడానికి సైతం అక్కడ ప్రజాధనం ఖర్చయింది.