రేడియేటర్‌కి రంగు వేశాక వాసన పోవట్లేదు

ప్రశ్న: గదిని వేడి చేసే ఇనుప రేడియేటర్‌కి ఆయిల్ ఎనామెల్ రెండు కోట్లు వేసి మూడు రోజులైంది. చల్లగా ఉంటే ఏమీ లేదు, వేడెక్కితే ఘాటు వాసన. అంతా గీకేయాలా?

జవాబు 1: గీకక్కర్లేదండీ. పైపొర ఆరినా లోపలి సాల్వెంట్ (రంగును పల్చగా ఉంచే ద్రవం) ఇంకా పోలేదు, వేడి తగలగానే బయటికొస్తోంది. కిటికీలు తీసిపెట్టి, హీటింగ్ తక్కువలో రోజూ కొన్ని గంటలు నడుపుతూ మెల్లగా పెంచండి. వాసన పోయేదాకా ఆ గదిలో పడుకోకండి. సెంటు స్ప్రేలు వాసనను కప్పుతాయే తప్ప తీయవు. గోరుతో నొక్కి చూడండి. గుంట పడితే కోటు మందమైనట్టే, ఇంకొన్ని రోజులు ఓపిక పట్టాలి.

జవాబు 2: రెక్కల మధ్య దుమ్ము మాడినా వాసనొస్తుంది. పొడుగు బ్రష్‌తో లాగేయండి.

జవాబు 3: మళ్లీ వేసేటప్పుడు హీటింగ్ ఆపి, పూర్తిగా చల్లారాక జిడ్డు కడగండి. 180 నంబరు ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి, తుప్పు తేలిన చోట మెటల్ ప్రైమర్ పట్టించండి. పైన రేడియేటర్ల కోసం చేసిన వాటర్‌బేస్ ఎనామెల్ పల్చగా రెండు కోట్లు చాలు. తెల్ల ఆయిల్ రంగు వేడికి పసుపెక్కుతుంది. వాల్వ్‌కీ, గాలి తీసే స్క్రూకీ టేప్ తప్పనిసరి, రంగు గడ్డకడితే తిరగవు. బాగా పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా అస్సలు రుద్దకండి.