చేయి వెనక్కి లాక్కున్న మనిషిని మార్చడం ఎలా?

కడపలో మా నాటక బృందం కోసం 12 భాగాల టీవీ ధారావాహిక రాస్తున్నాను. ఒక్కో భాగం 22 నిమిషాలు. కథానాయకుడు ఎర్రగుంట్లలో బండలకు పాలిష్ పట్టే కార్మికుడు. తండ్రి చేతి దెబ్బలు తింటూ పెరిగాడు. కోపం వస్తే గిన్నెలు విసురుతాడు, ఆ తర్వాత రెండు రోజులు నోరు విప్పడు. భార్య గర్భవతి అని 4వ భాగంలో తెలుస్తుంది, 12లో కాన్పు. మధ్యనున్న ఏడు భాగాలే నన్ను ఏడిపిస్తున్నాయి.

మొదట స్కానింగ్ గదిలో బిడ్డ గుండె చప్పుడు విని అతడు ఏడ్చినట్లు రాశాను. చదివిన నలుగురూ నవ్వారు. ఇలాంటివి చాలా చూశామన్నారు. తర్వాత చావుబతుకుల్లో ఉన్న తండ్రితో రాజీ చేయించాను, అతికించినట్లు ఉంది. మూడోసారి అతడి చేత ఊయల చేయించాను. ఊయల బాగానే కుదిరింది, మనిషే మారలేదు.

నిలబడిన దృశ్యం ఒక్కటే, 7వ భాగంలోది. ఆరో నెలలో బిడ్డ కదలిక చూపించాలని భార్య అతడి చేతిని కడుపు మీద పెట్టుకోబోతే భయపడి వెనక్కి లాక్కుంటాడు.

9వ భాగంలో సీమంతం. అప్పటికి ఈ మనిషి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, ఏ చిన్న పని చేస్తే నిజంగా మారుతున్నాడని మీరు నమ్ముతారు?