బాబు చేతి తాడు కత్తిరించిన స్టూడెంట్‌కి నేను ముందే ఏం నేర్పి ఉండాల్సింది?

విశాఖ_ట్యూటర్:

నమస్తే. బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు పదకొండేళ్లుగా కమ్యూనిటీ హెల్త్ చెప్తున్నాను. పోయిన నెల పోస్టింగ్‌లో జరిగింది మనసులోంచి పోవట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పాడేరు వైపు ఒక ఆసుపత్రి. ఎనిమిది నెలల బాబుని విరేచనాలతో తీసుకొచ్చారు. కళ్లు లోతుకి పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే చాలా మెల్లగా వెనక్కి వెళ్తోంది. వెంటనే సెలైన్ ఎక్కించాలి. మా థర్డ్ ఇయర్ అమ్మాయి, పని బాగా వచ్చిన పిల్ల, నరం కోసం చేయి పట్టుకుంటే మణికట్టు దగ్గర నల్లతాడు అడ్డం వచ్చింది. తాడుకి చిన్న వేరుముక్క కట్టి ఉంది. కత్తెరతో టక్కున కోసి కిడ్నీ ట్రేలో పడేసింది. మొదటిసారికే లైను దొరికింది. నేను పక్కనే కేస్ షీట్ రాస్తున్నాను. చూశాను, ఏమీ అనలేదు.

అమ్మమ్మ అరవలేదు. ట్రేలోంచి ఆ తాడు తీసి, దానికి అంటుకున్న తడి దూది వదిలించి, కొంగున ముడి వేసుకుంది. మేం భోజనం చేసి వచ్చేసరికి మంచం ఖాళీ, సగం సెలైన్ సీసా అలాగే వేలాడుతోంది. బాబు చేతికి కాన్యులాతోనే (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టిన గొట్టం) వెళ్లిపోయారు. ఆశా కార్యకర్త ఊరికి వెళ్లి బతిమాలి సాయంత్రానికి తీసుకొచ్చింది కాబట్టి సరిపోయింది. నాలుగో రోజు డిశ్చార్జ్ అయ్యాడు.

ఆ అమ్మాయికి ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్, అంటే రోగి ఆచారాలు, నమ్మకాలు తెలుసుకుని సేవ చేయడం, రాదా అంటే, బాగా వచ్చు. ఇంటర్నల్స్‌లో ఈ సబ్జెక్టుకి పునాది వేసిన నర్సు లైనింజర్ గారి సన్‌రైజ్ మోడల్ బొమ్మతో సహా వేసింది, పదికి తొమ్మిది వేసింది నేనే. లైనింజర్ గారు 1960ల్లో న్యూగినీ కొండల్లో గాడ్‌సప్ జనం మధ్య ఉండి తెలుసుకున్నదాన్ని నేను ఒక్క పీరియడ్‌లో స్లైడ్లేసి ముగిస్తాను. తప్పు ఆ పిల్లది కాదు. ఫలానా తెగకి ఫలానా ఆచారం అని పట్టిక ఇచ్చి బట్టీ పట్టించడం వల్ల ఉపయోగం లేదని అర్థమైంది. మరి ఎలా నేర్పాలి? మీరెవరైనా చేసి చూసింది ఉంటే చెప్పండి.

కొండ_ఏఎన్ఎం:

మేడమ్, నేను ఏజెన్సీలోనే ఏఎన్ఎంని. మాది కోదు తెగ కుటుంబం, ఇంట్లో మా కువి భాష మాట్లాడతాం. అలాంటి తాడు మా దగ్గర గురువు (ఊళ్లో మంత్రం వేసే పెద్ద) కడతాడు. విప్పనే కూడదని కాదు, కత్తెర పెట్టడమే తప్పు. "అమ్మా, సూది ఇక్కడ పెట్టాలి, చేయి వాస్తే తాడు బిగుసుకుంటుంది, నువ్వే విప్పి కాలికి కట్టు" అంటే ఆవిడే కట్టేది. నేను ఎన్నిసార్లు అలా చేయించానో.

ఇంకో సంగతి. మీ పిల్లలు తెలుగులో గబగబా చెప్తారు, మా తల్లులు తలూపుతారు. అర్థమై కాదు, త్వరగా వదిలేస్తారని. ఓఆర్‌ఎస్ గురించి చెప్పాక "ఇంట్లో ఎలా కలుపుతావో ఇక్కడ చేసి చూపించు" అనమనండి. లీటరు నీళ్లంటే వాళ్లింట్లో ఏ గిన్నెకి ఎంతవరకో అప్పుడే తేలుతుంది.

2023లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) మిషన్ వచ్చాక పరీక్షలు చాలా చేస్తున్నాం. ఒక స్టూడెంట్ అత్తగారు వినేలా తల్లితో "ఇది నీ నుంచే పాపకి వచ్చింది" అంది. సికిల్ సెల్ జబ్బు అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తేనే వస్తుంది కదా. ఆ సగం మాటకి ఆ కోడలు ఎన్ని మాటలు పడిందో నాకు తెలుసు. తర్వాత ఆ గడప ఎక్కి అత్తగారికి సర్దిచెప్పాల్సింది నేనే.

ఇంగ్లండ్_నర్సు:

నెల్లూరు వైపు చదువుకుని ఇక్కడికొచ్చాను. కొత్తలో 84 ఏళ్ల ఆవిడని "గ్రాండ్‌మా" అన్నాను, మనం మామ్మగారూ అన్నట్టే ప్రేమగా. ఆవిడ ముఖం మాడిపోయింది. ఆవిడకి పిల్లలే లేరని తర్వాత తెలిసింది. ఇక్కడ నర్సు రిజిస్ట్రేషన్ కోసం ఇచ్చే ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షలో మన పేరు చెప్పి, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు" అని అడగాలి. ఆ పరీక్షకి నేనూ బట్టీ పట్టే వెళ్లాను, కానీ రోజూ అడిగీ అడిగీ అలవాటైపోయింది. కేట్ గ్రేంజర్ అనే డాక్టర్ క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడు చాలామంది సిబ్బంది కనీసం పేరైనా చెప్పుకోవట్లేదని గమనించి, 2013లో "హలో, మై నేమ్ ఈజ్" అనే ప్రచారం మొదలుపెట్టారు. మేడమ్, మీరు కూడా ఈ అడగడాన్ని థియరీ పేపర్లోంచి ప్రాక్టికల్‌లోకి తెచ్చేయండి.

ఆదిలాబాద్_లెక్చరర్:

అడగడం సరే, కానీ అన్నిటికీ సరే అనమని మాత్రం పిల్లలకు చెప్పకండి. పసిపిల్లల పొట్ట మీద వాతలు పెట్టి తెస్తారు, గిరిజన ఊళ్లలోనే కాదు, పట్టణం పక్కన కూడా. అది ఆపాల్సిందే. అయితే తల్లిని వార్డు మధ్యలో తిడితే ఆమె వాతలు మానదు, మన దగ్గరికి రావడం మానేస్తుంది. రోగి తన జబ్బుని ఎలా చూస్తున్నాడో తెలుసుకోవడానికి క్లైన్‌మన్ అనే డాక్టర్ రాసిన ప్రశ్నలు నేను తెలుగులోకి మార్చి వాడుతున్నాను: దీన్ని మీరు ఏమంటారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, దేనికి ఎక్కువ భయపడుతున్నారు. "మాకంటే ముందు ఎవరికి చూపించారు" అన్నది నేను కలిపాను. తిట్టరని నమ్మకం కుదిరితే అన్నీ చెప్తారు.

విశాఖ_ట్యూటర్:

అందరికీ ధన్యవాదాలు. సోమవారం స్కిల్ ల్యాబ్‌లో పాప బొమ్మ చేతికి నల్లతాడు కట్టి పెడతాను. చెక్‌లిస్టులో చేతులు కడుక్కోవడం పక్కనే "ముట్టుకునే ముందు ఇంట్లోవాళ్లని అడిగిందా" అని రెండు మార్కులు. ఎమర్జెన్సీ అయితే చేస్తూనే చెప్పడం, అదీ ప్రాక్టీస్ చేయిస్తాను. అడగకపోతే ఎంత బాగా లైను పెట్టినా ఆ మార్కులు ఇవ్వను.

ఏఎన్ఎం అక్కా, మీ మాటతో ఇంకోటి తట్టింది. మా క్లాసులోనే కువి వచ్చిన అమ్మాయిలు ముగ్గురున్నారు. హాస్టల్‌లో వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు, నేను వెళ్తే ఆపేస్తారు. మూడేళ్లలో ఒక్కసారి కూడా "మీ ఇంట్లో ఎలా చేస్తారు" అని వాళ్లని అడగలేదు. నిన్న అడిగాను. గంటసేపు చెప్పారు, నేను నోట్స్ రాసుకున్నాను. వచ్చే పోస్టింగ్‌కి వాళ్లని ముందు నడిపిస్తాను. మీరూ ఒక పూట మా పిల్లలతో ఉండగలరా?

కొండ_ఏఎన్ఎం:

తప్పకుండా మేడమ్. సంత రోజు తీసుకురండి, తల్లులు ఎక్కువమంది ఆ రోజే పీహెచ్‌సీకి వస్తారు. ఆ ముగ్గురిలో ఒకరిని నా బల్ల దగ్గర కూర్చోబెట్టండి.